ఒక సోదరియు ప్రసంగించిరి

మా అమ్మ ఫొటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. ఒకటి ఉండేదట, పెళ్లయిన కొత్తలో ఖమ్మంలో తీయించుకున్నది. ఆమె పోయిన తర్వాత బంధువులు దానికి పటం కట్టించి, బొట్టు పెట్టి, దండ వేసి, ముందు దీపం వెలిగించారు. నాన్న ఆ పటాన్ని గోడ మీద నుంచి తీసేశాడు. చనిపోయిన మనిషికి మొక్కడం మొదలుపెడితే ఆ మనిషి మనిషిగా మిగలదని ఆయన వాదన. చీరలు ఎవరెవరికో ఇచ్చేశాడు. తద్దినం పెట్టలేదు. నాకప్పుడు నాలుగేళ్లు.

పెద్దయ్యాక అదే వాదన నేనూ ఎన్నో వేదికల మీద చేశాను. చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ వాదన తప్పని ఇప్పటికీ అనను. కాని దండ తీసేయడానికి ఫొటో కూడా తీసేయాలా? ఈ చిన్న ప్రశ్న ఆయన బతికుండగా అడగలేకపోయాను. అడగగలిగిన వయసులో నాకు అన్నీ పెద్ద ప్రశ్నలే.

అమ్మ గురించి నాకు కచ్చితంగా తెలిసిన సంగతి ఒక్కటే. అది మా పిన్ని చెప్పింది. కారేపల్లిలో నాన్న అధ్యక్షుడిగా ఒక చర్చా సంఘం నడిపేవాడు. మగవాళ్లతో నిండిన ఆ సభలో అమ్మ ఒకనాడు లేచి, నాన్న మాటకే అడ్డం చెప్పిందట. ఏం చెప్పిందని అడిగితే పిన్ని, "నేనెక్కడున్నాన్రా అప్పుడు? మధిరలో ఉన్నాను. ఊరంతా చెప్పుకున్నారని విన్నానంతే" అంది. నాన్నను అడిగితే నవ్వి, "మినిట్సులో రాసుంటుంది, చూసుకో" అన్నాడు. ఆ మినిట్సు పుస్తకం ఎక్కడుందో ఆయనకే తెలియదు. సంఘం మూతపడింది, సభలు జరిగిన పఠన మందిరం కూలిపోయింది, కొన్నాళ్లకు ఆయనా పోయాడు.

రెండు వేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్లకు, చరిత్ర మీద ఆసక్తి ఉన్న కొందరం కలిసి జిల్లాలోని పాత కాగితాలను సర్వే చేసి ఒక జాబితా తయారు చేద్దామనుకున్నాం. బళ్లలో, చర్చీల్లో, ఊరి భూమి లెక్కలు రాసిన పాత పట్వారీల ఇళ్లల్లో ఏ దస్త్రాలు మిగిలాయి, ఎవరి దగ్గరున్నాయి, ఏ స్థితిలో ఉన్నాయి. ఏదీ వెంట తీసుకురాకూడదు. చూసి, రాసుకుని రావాలి. కారేపల్లి నుంచి ఇల్లెందు, టేకులపల్లి మీదుగా మణుగూరు దాకా ఉన్న ఊళ్లను నేను అడిగి తీసుకున్నాను. చరిత్ర కోసమని అందరికీ చెప్పాను. నేను వెతికింది ఒక్క పుస్తకాన్నే.

మణుగూరు బొగ్గు గనుల్లో గుమాస్తాగా చేసి ముందే రిటైరైన ఒక మిత్రుడు నన్ను తన స్కూటర్ మీద తిప్పాడు. నాకంటే నాలుగేళ్లు చిన్న. కేథలిక్. ఆదివారం చర్చికి వెళ్లడం మానడు, మిగతా ఆరు రోజులూ నన్ను ఆటపట్టించడం మానడు.

"దేవుడు లేడంటవు గదనే అన్నా. మల్ల తెల్లారి లేస్తే గుళ్లు, చర్చిలే తిరుగుతవు. పూజార్లు, ఫాదర్లు దాయకపోతే నీ చరిత్ర ఏడుంటుండె?"

"దాచినవాళ్లకు దండం పెడతాను. దాచమని చెప్పినవాణ్ణి చూపించు, వాడికీ పెడతాను."

"ఎక్కెక్కు. నీతోని వాదన వెట్టుకుంటే పెట్రోలు ఆవిరైతది."

సర్వే అనే మాట ఆ అడవి అంచున మంచి మాట కాదు. సర్వే అంటే భూమి పోవడమో, అడవిలోంచి జరగమనడమో. ఒక తండాలో మమ్మల్ని చూడగానే ఒక నడివయసు ఆమె ఇంట్లోని ఇనప్పెట్టె మీద ఎక్కి కూర్చుంది. మేం మాట్లాడినంతసేపూ దిగలేదు.

"ఏందీ సర్వే? భూమిదా, అడవిదా?"

"పాత కాగితాలది తల్లీ. చూసి రాసుకుంటాం, తీసుకోం."

"అందరు గట్లనే అంటరు. సూశినోడు తీస్కపోకుండ పోయిండా?"

"అయితే లేవకక్కా, పొదుగుతనే ఉండు," అన్నాడు మా మిత్రుడు. "పిల్లలయినంక కబురు జెయ్యి, కోడిపిల్లలను సూడనీకి వస్తం."

ఆమె పకపకా నవ్వింది కాని పెట్టె మీద నుంచి లేవలేదు. ఆమెదే సరైన పని అని నాకిప్పటికీ అనిపిస్తుంది.

ఇంకో ఊళ్లో ఒకప్పటి పట్వారీల ఇంట్లో దస్త్రాల మూట చూపించారు. ప్రతి దసరాకూ పూజ చేస్తారట. పసుపు పూసిన గుడ్డ, కుంకుమ బొట్లు, ఎండిపోయిన బంతిపూలు. విప్పమంటే ఇంటాయన భయపడ్డాడు. తాత కాలం నుంచి ఎవరూ విప్పలేదన్నాడు. గంటసేపు వాదించి విప్పించాను. గుడ్డ గట్టిగానే ఉంది. లోపల ఉన్నది మట్టి. చెదలు అక్షరం మిగల్చకుండా తినేశాయి. మనవాళ్లు చదవాల్సినదాన్ని చదవరు, దానికి మొక్కుతారు, మొక్కితే చాలు అది బతికి ఉంటుందనుకుంటారు అని అక్కడే మొహం మీద అనేశాను. ఆయన గుడ్డను మడత పెట్టుకుని లోపలికి వెళ్లాడు. తిరుగు దారంతా ఇప్పపూల వాసన. స్కూటర్ వెనక కూర్చుని ఆలోచించాను. మొక్కిన ఇంట్లో గుడ్డయినా మిగిలింది. మొక్కొద్దన్న మా ఇంట్లో అదీ లేదు.

తిరగడం మొదలుపెట్టి అప్పటికి నాలుగు నెలలైంది. కారేపల్లిలో అడగని ఇల్లు లేదు. పుస్తకం గురించి ఎవరికీ తెలియదు. ఇక దొరకదనే అనుకున్నాను.

టేకులపల్లి వైపు ఒక ఊళ్లోని ప్రొటెస్టెంటు చర్చికి బాప్తిస్మాల రిజిస్టర్లు చూడటానికి వెళ్లాం. పాస్టరు ఊళ్లో లేడు. బీరువా తాళం పక్కింట్లో ఉండే ఒక రిటైరైన నర్సమ్మ దగ్గర ఉంది. డెబ్బై దాటిన మనిషి, నిటారుగా నడుస్తోంది. ఆమే వచ్చి బీరువా తీసింది. రిజిస్టర్లన్నీ తెల్లగుడ్డల్లో చుట్టి, మధ్యమధ్య వేపాకు, కలరా ఉండలు పెట్టి ఉన్నాయి. ఇన్ని నెలల్లో అంత శుభ్రమైన బీరువా నేను చూడలేదు. అన్నీ చూసి రాసుకున్నాను. అడుగు అరలో ఇంకొక పొడుగు పుస్తకం ఉంది.

"అది చర్చిది కాదు," అంది ఆమె. "మా నాయనది. కారేపల్లిల మిషను బడికి పెద్ద పంతులుగ ఉండె. ఆడ దేవుడు లేడనేటోళ్లది ఒక సంగం ఉంటుండె. నాయన వాళ్లతోని కొట్లాడనీకనే పోయేటోడు. చేతిరాత మంచిగుందని ఆయన్నే కార్యదర్శిని జేసిండ్రు."

పుస్తకం బయటికి తీశాను. "మరి చర్చి బీరువాలో పెట్టారేంటమ్మా?"

"ఇంట్ల చెదలున్నయి బిడ్డా. ఈడ లెవ్వు."

"సూశినవా అన్నా," అన్నాడు మా మిత్రుడు. "నీ పుస్తకం గూడ దేవుడే కాపాడిండు."

"వేపాకు కాపాడింది," అన్నాను.

నేల మీద కూర్చుని పేజీ పేజీ తిప్పాను. పంతులుగారి అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. మధ్యాహ్నం దాటాక ఆ సభ కనిపించింది. విషయం: ఊరికి ముందు కావలసినది బడియా, దవాఖానాయా? పంతులుగారు ఒకటిన్నర పేజీ మాట్లాడారు. ఒక నాటు వైద్యుడికి అర పేజీ. ఒక రైతు చెప్పిన మూడు మాటలు కూడా పొల్లుపోకుండా ఉన్నాయి. ఆ తర్వాత ఇలా ఉంది: "ఒక సోదరియు ప్రసంగించిరి. సభ్యులు హర్షము వెలిబుచ్చిరి."

అంతే. పేరు లేదు. మాట లేదు.

దాని కిందనే, "అధ్యక్షులవారు సోదరికి బదులు చెప్పుచు" అని మొదలై రెండు పేజీలున్నాయి. రెండు పేజీల నాన్న! బడి వైపు ఆయన వాదన. మంత్రసాని చేతి మురికిని దవాఖానా ఒక్కటే కడగజాలదు, ఆ మురికిని చూడగలిగే కన్ను బడి ఇస్తుంది అన్నాడు. అంటే ఆమె కాన్పుల గురించి మాట్లాడిందన్నమాట. నవ్వించుట వాదము కానేరదు అన్నాడు. అంటే ఆమె వాళ్లను నవ్వించింది. ఒకరి దుఃఖమునుబట్టి ఊరి అవసరమును నిర్ణయింపరాదు అన్నాడు. ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను. నాకంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టి మూడో రోజున పోయిందని పిన్ని ఒకసారి అంది. అమ్మ నిండు సభలో ఆ పిల్ల సంగతి చెప్పిందా? ఆ దుఃఖం ఒకరిదేనా? ఆయనది కాదా?

దేవుణ్ణి ఒప్పుకోని ప్రాచీన లోకాయతుల మూలగ్రంథం ఒక్కటి కూడా మనకు దక్కలేదు. వాళ్లను ఖండించినవాళ్లు ఎదుటివాళ్ల వాదనగా రాసిపెట్టుకున్న పూర్వపక్షాల్లోంచే వాళ్ల మాటలు ఏరుకుంటున్నాం. ఈ అన్యాయం గురించి నేను ఎన్నో సభల్లో గొంతు చించుకున్నాను. మా ఇంట్లోనే అలాంటి మనిషి ఒకతె ఉండేదని, ఆమె మాటను పూర్వపక్షంగా కూడా రాయకుండా జవాబు మాత్రం రాసుకున్నది స్త్రీ పురుషులు సమానమని ఉపన్యాసాలిచ్చిన మావాళ్లేనని అప్పటిదాకా నాకు తెలియదు. తర్వాతి సభ పేజీలో "గత సభా నివేదిక చదివి ఆమోదించబడినది" అని ఉంది. కింద నాన్న సంతకం. చదువుతుండగా విన్నాడు. విని సంతకం పెట్టాడు.

నర్సమ్మ నా మొహం చూసింది. "ఎవల కోసం సూస్తున్నవు బిడ్డా?"

చెప్పాను. నాన్న ఎవరో చెప్పాను. ఆమె కుర్చీ దగ్గరికి జరుపుకుని, నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది.

"నువ్వా! ఏడుపుగొట్టోనివి! నిన్ను నేను ఎత్తుకున్న."

"ఆ రోజు మీరు సభలో ఉన్నారా అమ్మా?"

"అవ్, ఉన్న. ఆడోళ్లం అయిదారుగురం వరండాల కూసున్నం. మీ అమ్మ లేషి నిలవడ్డది. నిలవడంగనే నువ్వు గొంతెత్తుకున్నవు. ఏడాది దాటిందో లేదో నీకు. 'జర పట్టుకో చెల్లీ' అని నా చేతుల వెట్టింది. సభల పిల్లలు ఏడిస్తె మా నాయనకు కోపం. నిన్ను సంకకెత్తుకోని బయటికి ఉరికిన."

"మరి ఆమె ఏమందమ్మా?"

"నాకెట్ల తెలుస్తది? నువ్వు ఇననిస్తివా?" అని నవ్వబోయింది. నన్ను చూసి ఆగిపోయింది. మా మిత్రుడు స్కూటర్ చూసొస్తానని లేచి బయటికి వెళ్లాడు.

నోటి మాట సాక్ష్యం కాదని జీవితమంతా వాదించినవాణ్ణి. ఆ క్షణాన ఆమె ఏం చెప్పినా నమ్మేవాణ్ణి. అప్పటికప్పుడు కల్పించి నాలుగు మాటలు చెప్పినా కళ్లకద్దుకుని తెచ్చుకునేవాణ్ణి. ఆమె కల్పించలేదు.

"గొంతు వినపడ్డదా?" అని అడిగాను.

"గొంతు వినపడ్డది. మాటలే తెల్వలే. ముందుగాల జనం బాగ నవ్విండ్రు. మల్ల ఎవ్వలు నవ్వలే. అందరికీ టైమైతే మీ నాయన గంట గొట్టేటోడు, మా నాయనకు గూడ గొట్టేటోడు. ఆ దినం గంట గొట్టలే. నువ్వు ఏడ్చి ఏడ్చి నా బుజం మీద నిద్రవోయినవు. అప్పటికి గూడ ఆమె మాట్లాడ్తనే ఉన్నది."

"ఎలా ఉండేది?"

ఆమె లేచి నిలబడింది. అరచేతిని తన భుజం దగ్గర గాలిలో ఆనించింది. "పొట్టి మనిషి. గింత. నా బుజందాంక వస్తుండె."

నేను ఆ చేతి కిందకు చూశాను. చాలాసేపు చూశాను. చర్చి కిటికీలోంచి వచ్చిన ఎండ, దానిలో దుమ్ము. ఆమె చెయ్యి దించేదాకా చూస్తూనే ఉన్నాను.

జాబితాలో "చర్చా సంఘం మినిట్సు, ఒక సంపుటం, స్థితి బాగుంది" అని రాసుకుని బయటికి వచ్చాను.

ఆ వేసవిలో మా అమ్మాయి తన పాపను తీసుకుని వచ్చింది. ఏడాది పిల్ల. ఒక మధ్యాహ్నం ఏడుపు అందుకుంటే నేనే భుజాన వేసుకున్నాను. బయటికి నడిచే ముందు గోడ గడియారం చూశాను.

"పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే టైము చూస్తారేంటండీ? బస్సేమైనా ఉందా మీకు?" అంది మా ఆవిడ.

పాప పడుకునేసరికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. ఒక్కసారి చూస్తే రుజువు కాదు కదా, ఇంకో నాలుగు రోజులు చూశాను. ఒకరోజు పదిహేను, ఒకరోజు అరగంట. ఇరవై అనుకుందాం. అమ్మ అంతకు తక్కువ మాట్లాడలేదు. ఇరవై నిమిషాల్లో ఒక మనిషి ఎంత చెప్పగలదో సభల్లో మాట్లాడేవాడిగా నాకు బాగా తెలుసు. బిడ్డ పోయిన సంగతి చెప్పవచ్చు, జనాన్ని నవ్వించవచ్చు, ఎదుటివాడి చేత రెండు పేజీల జవాబు చెప్పించవచ్చు. అప్పటికీ ఇంకా సమయం మిగులుతుంది. ఆ మిగిలిన సమయంలో ఏం చెప్పింది?

చివరి రోజున పాప భుజం మీద నిద్రపోయిన తర్వాత కూడా నేను లోపలికి వెళ్లలేదు. ఇంట్లో మా ఆవిడా, అమ్మాయీ ఏదో మాట్లాడుకుంటున్నారు. గోడ ఇవతల నాకు గొంతులు వినపడుతున్నాయి, మాటలు తెలియడం లేదు. పాప బరువుకు చెయ్యి లాగుతోంది. వాళ్లు మాటలు ఆపేదాకా అక్కడే నిలబడ్డాను.