మనోరమ మేడమీది పోర్షన్

జనగామ స్టేషన్ వెనక వీధిలో, ఇంట్లోనే జాకెట్లు కుట్టే మనోరమ వాళ్ళ మేడమీది పోర్షన్ ఎండాకాలం నుంచీ ఖాళీగా పడి ఉంది. గేటుకు కట్టిన టు-లెట్ బోర్డు వల్ల ఏమీ కాకపోవడంతో ఆమె భర్త భద్రయ్య దాన్ని అద్దె ఇళ్ళ యాప్‌లో పెట్టాడు. భద్రయ్య కౌన్సిలర్‌గా నిలబడి ఘనంగా ఓడినవాడు. ఈ పని కూడా ప్రచారంలాగే చేశాడు.

ఎంతమంది కంట పడింది, ఎంతమంది తెరిచి చూశారు, ఎంతమంది ఫోన్ చేశారు అన్న లెక్కలు యాప్ రోజూ చూపిస్తుంది. కంట పడింది వందలమందికి. తెరిచినవాళ్ళు ఏ కొద్దిమందో. ఫోన్ చేసింది ఒక్కడే, అదీ ఇన్సూరెన్స్ అంటగట్టడానికి. ఆ వందలు చూసి భద్రయ్య మురిసిపోయాడు. మనోరమ చూపు మాత్రం రెండో అంకె దగ్గర ఆగింది. తెరవకుండానే పోతున్నారంటే, పైకి కనిపించేదే వాళ్ళను తరిమేస్తోంది. పైకి కనిపించేది భద్రయ్య. ఫోటోలో మెడలో కండువాతో, చేతులు జోడించి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. ఇల్లు ఆయన వెనక ఎక్కడో ఉంది.

"కిరాయికిచ్చేది ఇల్లా, మిమ్మల్నా?" అంది మనోరమ.

ఆ ఫోటో తీసేసి, ఎండ పడే వంటింటి కిటికీని పెట్టింది. ఇంకేమీ ముట్టుకోలేదు. ఉప్పూ పులుపూ ఒకేసారి వేస్తే కూర రుచి దేనివల్ల మారిందో తెలియదని ఆమె లెక్క. వారం తిరిగేసరికి తెరిచేవాళ్ళు పెరిగారు. ఫోన్లు మాత్రం లేవు. అప్పుడు లోపల రాసింది చదివింది. సగం భద్రయ్య జీవిత చరిత్ర. మిగతా సగం షరతులు: మాంసం వండరాదు, చుట్టాలు రారాదు, కులం ముందే చెప్పవలెను. ఆదివారం మటన్ లేనిదే ముద్ద ముట్టని మనిషి రాసిన షరతులవి.

అవి తీసేస్తే పరువు పోతుందని భద్రయ్య వాదించాడు. ఆమె ఆ వారం ఫోన్ల గడిలో ఉన్న సున్నా మీద వేలు పెట్టి చూపించింది. ఎన్నికలప్పటి నుంచీ ఆయనకు చిన్న అంకెలంటే జంకు. నీ ఇష్టమన్నాడు.

ఆమె ఉన్నదున్నట్టు రాసింది. స్టేషన్‌కు నడిచిపోవచ్చు, నల్లా నీళ్ళు పొద్దున ఒక్కపూటే వస్తాయి, బోరు ఉంది, రైళ్ళ చప్పుడు వినిపిస్తుంది. చప్పుడు సంగతి కూడా చెప్పుకుంటే ఎవరొస్తారని భద్రయ్య పరేషానయ్యాడు. అయినా ఫోన్లు మొదలయ్యాయి.

అలా వచ్చినవాళ్ళలో అఖిల ఒకతె. బ్యాంకులో కొత్త ఉద్యోగం. గదులన్నీ తిరిగి చూసి, కిటికీ దగ్గర నిలబడింది.

"మాది డోర్నకల్ ఆంటీ, రైల్వే క్వార్టర్లల్ల పెరిగిన. రైలు చప్పుడు ఉంటదని రాసినరు గదా, గందుకే ముందుగాల ఇటే వచ్చిన. చప్పుడు లేకుంటె నాకు నిద్ర పట్టది." ఇటు తిరిగి, "ఆదివారం చర్చికి పోయొచ్చి కోడికూర వండుకుంట. మీకేమన్న ఇబ్బందా?" అని అడిగింది.

భద్రయ్య గొంతు సవరించుకున్నాడు. మనోరమ ఆయన వైపు చూడనైనా చూడలేదు.

"వండుకో బిడ్డా. మా ఇంట్ల గూడ గదే వాసన."

తాళంచెవి ఆరోజే ఇచ్చేసింది. సామాన్లు వచ్చినప్పుడు భద్రయ్యే గ్యాస్ బండ భుజానికెత్తుకున్నాడు. మెట్ల మధ్యలో ఆగి, రొప్పుతూనే, ఓటు జనగామకు ఎప్పుడు మార్పించుకుంటావని ఆ పిల్లను అడిగాడు.