ఏమీ నొక్కని రోజు

ఈ ఉదయం వాన పడింది. కంప్యూటర్ ల్యాబు తాళం తీసి తలుపు తోయగానే, కాళ్ళు తుడుచుకోవడానికి గుమ్మంలో నేను పరిచిన సంచి నుంచి తడి తవుడు వాసన వచ్చింది. అది చేపల మేత సంచి. మండవల్లిలో చెరువుల మీద పనిచేసే మా తమ్ముడు ఏటా వానలకు ముందు ఒకటి తెచ్చిస్తాడు. ఎంత ఉతికినా తడిస్తే ఆ వాసన పోదు. దాన్ని మొదట ఇక్కడ పరచమన్నది వసుంధర మేడం గారు. ఏలూరులోని ఈ డిగ్రీ కాలేజీలో బీసీఏ పిల్లలకు సాఫ్ట్‌వేర్ తయారుచేయడం నేర్పిన మనిషి. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఆవిడను చూడనివాళ్ళకు చెప్పాలనిపించి చెబుతున్నాను. నాకు సంతకం పెట్టేంత వరకే అక్షరాలు వచ్చు. నేను చెబుతుంటే మా అమ్మాయి రేవతి టైపు చేస్తోంది.

మా ఆయన పోయాక, రేవతి ఏడో తరగతిలో ఉండగా, మండవల్లి వదిలి ఏలూరు వచ్చాను. ఈ ల్యాబులో ఊడ్చడం, యంత్రాల మీద దుమ్ము తుడవడం, తాళం వేయడం నా పని. మేడం గారు రోజూ తాడేపల్లిగూడెం నుంచి పాసింజరు బండిలో వచ్చేవారు. బొద్దుగా, పొట్టిగా ఉండేవారు. నేత చీర, చంకలో గొడుగు. ఎండైనా వానైనా ఆ గొడుగుతోనే బోర్డు మీద అక్షరాలు చూపించేవారు. మొదటిరోజు ఆవిడ "నాగమణి గారూ" అని పిలిస్తే, నా వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. గదులు ఊడ్చేదాన్ని గారు అని అంతవరకు ఎవరూ పిలవలేదు. చీపురు చేతిలో ఉండగానే కుర్చీ చూపించి, "కాసేపు కూర్చోండి. మీతో పని ఉంది" అన్నారు.

ఆ పని ఏమిటో చెబితే ఇప్పటికీ కొందరు నమ్మరు. ఆవిడ క్లాసులో ఒక ఆచారం ఉండేది. పిల్లలు ఏ ప్రోగ్రాం రాయాలన్నా, మీట ముట్టుకునే ముందు, అది ఏం చేస్తుందో వరసగా తెలుగులో నాకు చెప్పాలి. నేను దాన్ని తిరిగి ఆవిడకు అప్పజెప్పాలి. ఎక్కడ నేను ఆగిపోతే అక్కడ వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టాలి. నాకేం తెలుసని మేడం గారూ అంటే, "మీకు తెలియదనే కదండీ" అన్నారు. "కంప్యూటర్‌కు అర్థం కాకపోయినా అడగదు. చెప్పింది చేసేస్తుంది. మీరైతే అడుగుతారు."

ఒకసారి ముగ్గురు పిల్లలు వచ్చి లైబ్రరీ ప్రోగ్రాం గురించి చెప్పారు. ఫలానా పుస్తకం ఉందా అని అడిగితే ఉందంటుంది, పేరు రాసుకుంటుంది, ఇచ్చేస్తుంది. అంతా విని, "పుస్తకం ఒకటే ఉండి, ఇద్దరు ఒక్కసారే అడిగితే ఎవరికి ఇస్తుంది బాబూ?" అన్నాను. వెనక బెంచీ నుంచి ఎవడో, "మేడం గారండీ, కంప్యూటరే నయమండీ, ఆంటీ గారితో కష్టమండీ" అన్నాడు. క్లాసంతా నవ్వింది. మేడం గారు నవ్వలేదు. గొడుగు బల్ల మీద పెట్టి, నా ప్రశ్నను నా పేరుతో సహా బోర్డు మీద రాశారు. ఆ అక్షరాలను నేను చదవలేకపోయాను గానీ, ఆ సాయంత్రం బోర్డు తుడిచేటప్పుడు ఆ ఒక్క వరసా వదిలేశాను.

కొన్నేళ్ళకు రేవతి అదే కాలేజీలో, అదే బీసీఏలో చేరింది. ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు తను, ఇంకో ఇద్దరు అమ్మాయిలు చేపల చెరువుల కోసం ఫోన్‌లో ఒక ప్రోగ్రాం తయారుచేశారు. మా వైపు చేపలకు మేత ఎలా వేస్తారో చెబితేగానీ మిగతాది తెలియదు. అడుగున చిల్లులు పెట్టిన సంచుల్లో తవుడు నింపి, దోనె మీద వెళ్ళి చెరువులో పాతిన గడలకు కడతారు. చేపలు వచ్చి ఆ చిల్లుల్లోంచి తింటాయి. పొద్దెక్కాక మళ్ళీ వెళ్ళి సంచులు ఎత్తి చూస్తారు. ఖాళీగా వస్తే చేపలు బాగున్నట్టు, మర్నాడు కాస్త ఎక్కువ వేయొచ్చు. బరువుగా వస్తే వాటికేదో అయినట్టు, మేత తగ్గించాలి. మా ఆయన బతికున్నంత కాలం చేసిన పని అదే. రేవతి వాళ్ళ ప్రోగ్రాంలో చెరువు మీది మనిషి ఎన్ని సంచుల్లో మేత మిగిలిందో రోజూ ఫోన్‌లో నొక్కితే, రేపు ఎంత వేయాలో అది చెబుతుంది.

నాకు చెప్పాల్సిన రోజు పొద్దున్నే, నేను కూరగాయలు తరుగుతుంటే, రేవతి ఇంట్లోనే ఒకసారి అంతా అప్పజెప్పింది. బాగుంది. ఒక్కచోట ఆగాను.

"ఆ మనిషి ఏమీ నొక్కకపోతే?"

"అప్పుడు సున్నా అనుకుంటుందమ్మా. ఏమీ మిగల్లేదని. మర్నాడు మేత పెంచమంటుంది."

కత్తిపీట పక్కకు పెట్టాను. తను నా మొహం చూసి, "అమ్మా, ఇది మేడం గారి దగ్గర ఎత్తకు. సంతకానికి ఇంకా నాలుగు రోజులే ఉంది. ఆవిడ సంతకం లేకపోతే వైవాకు రానివ్వరు. మళ్ళీ ఏడాది ఆగాలి, ముగ్గురమూ ఆగాలి. అర్థమైందని చెప్పెయ్యి" అంది. కూతురు అలా అడిగితే తల్లి ఏం చేస్తుంది? సరేనన్నాను.

ల్యాబులో ముగ్గురూ చక్కగా చెప్పారు. అర్థమైందండీ అన్నాను. మేడం గారు పెన్ను తీసినవారు మళ్ళీ మూత పెట్టారు. "తిరిగి చెప్పండి నాగమణి గారూ." మొదటి నుంచి చెప్పుకొచ్చాను. ఆ చోటికి వచ్చేసరికి ఆగిపోయాను.

"ఏమైందండీ?" అన్నారు ఆవిడ.

అప్పుడు చెప్పాను. ఒక ముసురు రోజు మా ఆయన దోనె మీద సంచులు ఎత్తడానికి వెళ్ళారు. ఏదైనా తేడా వస్తేనే ఫోన్ చెయ్యమని చెరువు ఆసామి మాట. ఫోన్ రాలేదు. రాలేదు కాబట్టి అంతా బాగానే ఉందని ఆసామి అనుకున్నాడు. పొయ్యి మీద ఎసరు పెట్టుకుని నేనూ అలాగే అనుకున్నాను. అన్నం వార్చాను, కూర వండాను, మధ్యాహ్నం దాకా ఎదురుచూశాను. దోనెలో గుండె పట్టుకుని పడిపోయిన మనిషిని మూడు గంటలకు చూశారు. కాస్త ముందు తీసుకొస్తే బతికించేవాళ్ళమని ఆసుపత్రిలో అన్నారు. "ఖాళీ సంచి వేరు మేడం గారూ, ఎత్తని సంచి వేరు. వీళ్ళు రెంటికీ సున్నాయే పెట్టారు."

రేవతి తల వంచుకుని ఉంది. తండ్రి ఎలా పోయాడో దానికి తెలుసు. నేను ఎసరు దగ్గర కూర్చుని బాగానే ఉందనుకున్న సంగతి దానికెప్పుడూ చెప్పలేదు. మేడం గారు కాగితాలు వాళ్ళ వైపు తోసి, "సంతకం పెట్టనమ్మా. ఇంకా నాలుగు రోజులుంది. రేపటి నుంచి ఇంకా ముందు బండికి వస్తాను, మీరూ రండి" అన్నారు. నన్ను ఓదార్చలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "అర్థమైందని ఎందుకన్నారండీ?" అని అడిగారు. కూతురండీ అన్నాను. "అందుకే మళ్ళీ చెప్పమన్నాను" అన్నారు.

రేవతి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఈ మాట తీసేద్దామంటోంది ఇప్పుడు. ఉంచమన్నాను. మూడో రోజు పొద్దున్న పుస్తకం పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడి, ఎవరినో పనిమీద అడిగినట్టు అడిగింది.

"అమ్మా, మనిషి ఏమీ నొక్కకపోతే ఎంతసేపటికి ఫోన్ మోగాలి?"

"అన్నం ఉడికేలోపు" అన్నాను.

అది రాసుకుంది. రాసుకుని అక్కడే కూర్చుంది, చాలాసేపు. ఆ ప్రోగ్రాంలో ఇప్పుడు మూడు మీటలు ఉన్నాయి: ఖాళీ, మిగిలింది, చూడలేదు. ఏదీ నొక్కకపోతే, సంచులు ఎత్తే వేళ దాటిన అరగంటకు ఆ మనిషికి ఫోన్ మోగుతుంది. ఎత్తకపోతే ఆసామికి మోగుతుంది. నాలుగో రోజు నేను, అన్నం ఉడికేలోపు అన్న మాటతో సహా, మొత్తం ఆగకుండా అప్పజెప్పాను. మేడం గారు సంతకం పెట్టారు. ముగ్గురూ పాసయ్యారు. పెదపాడు దగ్గర ఒక రైతు దాన్ని ఇప్పటికీ వాడుతున్నాడు.

రిటైరయ్యాక ఆవిడ ప్రతి ఆదివారం పది గంటలకు నాకు ఫోన్ చేసేవారు. ఒక ఆదివారం రాలేదు. నేను చేస్తే మోగలేదు. బియ్యం కడిగిన గిన్నె అలాగే వదిలేసి స్టేషనుకు పోయి తాడేపల్లిగూడెం బండి ఎక్కాను. తలుపు కొడితే, తలకు తువ్వాలు చుట్టుకుని ఆవిడే తీశారు. ఫోన్ రిపేరుకు ఇచ్చారట. నన్ను పైకీ కిందికీ చూసి, "ఏమండీ, అన్నం ఉడికేలోపు అన్నారు, ఇంత ఆలస్యమేంటి?" అన్నారు. పెసరట్లు వేసి పెట్టారు. ఇద్దరం తిన్నాం. ఆ ప్రయాణం వృథా అని నేను ఎన్నడూ అనుకోలేదు.

ఆ తర్వాత రెండేళ్ళు ఉన్నారు. పోయినప్పుడు వాళ్ళ మేనకోడలు వెంటనే కబురు చేసింది. నా నంబరు గోడ మీద రాసి పెట్టారట. ఆదివారం పది గంటలకు ఇప్పుడు ఫోన్ రాదు. ఎందుకు రాదో తెలుసు. అయినా ఆ వేళకు ఫోన్ దగ్గర పెట్టుకునే కూర్చుంటాను.

ఈ ఉదయం క్లాసు మొదలయ్యాక కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కొత్త మేడం హాజరు పిలిచి, పలకకపోతే ఒక గీత గీసి ముందుకు వెళ్ళిపోయింది. ఆ మేడం మంచి పిల్లే, పని ఎక్కువ. నేను వరండాలోకి వచ్చి, రోజూ ఆ కుర్చీలో కూర్చునే అమ్మాయికి ఫోన్ చేశాను. బస్సు తప్పిపోయిందట, తడుస్తూ ఆటోలో వస్తోందట. "నెమ్మదిగా రా అమ్మా" అన్నాను. తడిసిన సంచి తీసి పిండి, తడి తక్కువగా ఉన్న వైపు పైకి వచ్చేలా మళ్ళీ పరిచాను. ఆ పిల్ల వచ్చి దాని మీద కాళ్ళు తుడుచుకునేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.