నారు పోయకముందే

నా చిన్నప్పుడు ఒక ఉదయం మా అవ్వ నన్ను పక్కింటికి తరిమిన సంగతి ఈ వారమంతా నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరై, ధర్మపురిలో ఊరికే ఉండలేక స్పానిష్ నేర్చుకున్నదాన్ని. విత్తనాల మీద పని చేసే ఒక అమ్మాయి, మా తెలుగువాళ్ళ పిల్లే, అడిగితే వరిగింజ పొట్టు గురించిన ఒక స్పానిష్ పుస్తకాన్ని ఇంగ్లిషులోకి మార్చి పంపాను. పంపాక తెలిసింది తప్పు. గింజను మూసి ఉంచే రెండు డొప్పలను ఆ పుస్తకంలో 'గ్లుమిల్యా' అన్నారు. పోలిక చూసి నేను 'గ్లూమ్' అని రాసేశాను. ఇంగ్లిషులో ఆ పేరు గింజ అడుగున ఉండే బుల్లి రేకులది. ఒక్క వడ్లగింజ వలిచి సరిచూసుకుంటే నా సొమ్మేం పోయేది? ఆ పిల్ల నా మాటలు పట్టుకుని వడ్ల రకాలు గుర్తుపట్టాలి. నా అనువాదం రేపే అచ్చుకు పోతుంది. చెబితే ఇన్నాళ్ళ పరువు పోతుంది. లేస్తాను, కూర్చుంటాను, మళ్ళీ లేస్తాను.

అప్పట్లో మేము పిక్కిలి అనే పల్లెలో ఉండేవాళ్ళం. పక్కింటి అక్కకు విత్తనపు వడ్లు మా ఇంటి నుంచే వెళ్ళేవి. ముందు గంగాళం నీళ్ళలో పోసి, పైకి తేలిన తాలు గింజలు తీసేసి ఇవ్వాలి. ఆ పని అవ్వ నాకు అప్పజెప్పింది. నాకేమో ఆటకు పోవాలన్న తొందర. చూడ్డానికి నిండుగానే ఉన్నాయి కదా అని, నీళ్ళు ముట్టకుండా మూట కట్టి ఇచ్చేసి వచ్చాను.

గంగాళం పొడిగా ఉండడం అవ్వ చూసింది. తిట్టలేదు. గంపలో మిగిలిన గింజలు నా చేతిలో పోసి వలవమంది. వలిచిన ఐదింటిలో రెండు ఖాళీ. అక్కకు ఉన్నది ఒక్క మడి. ఏడుపొచ్చింది. నువ్వే చెప్పు అవ్వా అని బతిమాలాను.

"నేనెందుకు చెప్పల్ల? వాళ్ళు నారు పోయకముందే పోయి నువ్వే చెప్పిరా."

ఏడుస్తూనే అక్క వాళ్ళింటికి పోయాను. ఎక్కిళ్ళ మధ్యనే చెప్పాను. అక్క నా ముఖం తన కొంగుతో తుడిచింది.

"ఇప్పుడన్నా చెప్పినావు. నీళ్ళు తీసుకొని రా, ఇద్దరం చూస్తాం."

ఇవాళ పొద్దున ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. "తప్పు నేను చేసినాను తల్లీ. అచ్చు నిలపమ్మా," అన్నాను. ఆమె విసుక్కుంది. విసుక్కోనీ. తప్పు చేస్తే ఇప్పటికీ నాకు ముందొచ్చేది ఏడుపే. కానీ ఏడుస్తూనైనా సరే, ఎదుటివాళ్ళ గడప నేనే తొక్కుతాను.