మాస్టారు చదివిన పొగడ్త పద్యం

మాస్టారు పోయారని శుక్రవారం పొద్దున కాకినాడ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది వాళ్ళమ్మాయి. "నిద్రలోనే అక్కా" అంది. అప్పటినుంచీ నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. ఆయన్ని అడగాల్సిన మాట ఒకటి అలాగే ఉండిపోయింది.

షార్జాలో, రోలా పేటలో, మా పక్క ఫ్లాట్‌లోనే ఉండేవారు ఆయన. ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషి, ఇక్కడ ఓ తెలుగు కాంట్రాక్టరు ఆఫీసులో ఇంగ్లిష్ ఉత్తరాలు రాసేవారు. వీసా కూడా ఆ కంపెనీదే. నలభై దాటాక నేను దూరవిద్యలో ఎం.ఏ. మొదలుపెడితే, రోమన్ కావ్యాలు ఆయనే చెప్పారు, పెసరట్లు వేస్తూ. మొదటి అట్టు ఎప్పుడూ తనకే. "ఇది పెనం కుదిరిందో లేదో చూడ్డానికి" అనేవారు.

"వీరుల కథలనుకుని చదవకమ్మా. అన్నదమ్ములు కొట్టుకుచచ్చిన దేశంలో, కత్తులు కడుక్కున్న మర్నాడు రాసినవి. చక్రవర్తి ఎదురుగా కూర్చుని వింటుంటే కవి ఏం రాస్తాడు? ఆయన వంశం దేవతలదని రాస్తాడు. ఓడినవాడు చచ్చే చోటు మాత్రం జాగ్రత్తగా చదువు. కవి ఏడ్చింది అక్కడే."

"అంటే భయపడి దాచాడనేగా మాస్టారూ?"

"భయమే. అదీ ఆ కాలం చరిత్రే."

నాకా జవాబు చాల్లేదు.

ఆ ఏడాది ఉగాదికి తెలుగు సంఘం సభ ఖర్చంతా ఆ కాంట్రాక్టరుదే. ఖర్చు పెట్టినవారి మీద పద్యాలు చదవడం సంఘం ఆనవాయితీ. ఆ పని మాస్టారి మీద పడింది. వాళ్ళమ్మాయి నర్సింగ్ ఇంకా పూర్తికాలేదు.

"రాయనంటే?" అన్నాను.

"కాకినాడ వెళ్ళి అక్కడ వేసుకోవాలి పెసరట్లు."

సభలో కాంట్రాక్టరు ముందు వరసలో ఉన్నాడు. అతని లేబర్ క్యాంపు పనివాళ్ళని బస్సుల్లో తెచ్చి వెనక కూర్చోబెట్టారు. ఎడారిలో మేడలు లేపిన భగీరథుడంటూ మాస్టారు మూడు పద్యాలు చదివారు. నాలుగోది పరంజా మీద నిలబడ్డ మనిషి గురించి. నెత్తిన ఎండ, క్యాంపులో ఒకనాడు ఖాళీ అయిన మంచం, మర్నాటికి దాని మీద ఇంకొకడు. వెంటనే జయమంగళం పలికి ముగించేశారు. ముందు వరస చప్పట్లు కొట్టింది.

"వన్స్ మోర్!" వెనకనుంచి కేక. "ఆఖరుది ఇంకోపారి చదువుండ్రి సార్!"

ఏ పద్యమా అని కాంట్రాక్టరు వెనక్కి తిరిగాడు. సంఘం కార్యదర్శి మైకు కోసం చెయ్యి చాచాడు. "ఖలాస్ మాస్టారూ, డాన్స్ పిల్లలు రెడీగా ఉన్నారు."

ఆ ఏడాదే ఆయన వీసా రెన్యూ కాలేదు. పద్యం వల్లా, వయసు వల్లా? కాకినాడ వెళ్ళిపోయాక ఫోన్‌లో అడిగితే నవ్వారు. "రోమ్‌లో కవుల్ని దేశం దాటించేవారమ్మా. నాకైతే టిక్కెట్టు కూడా కొనిచ్చారు." ఆ కేక రాకపోతే పద్యం అలా దాక్కునే ఉండేదా, లేక కేక కోసమే రాశారా? ఇంకోసారి అడుగుదాంలే అనుకున్నాను.

ఆ రోజు సభలో ఆయన మైకు వదల్లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ముందు వరసని దాటి చూస్తూ, గొంతు పెంచకుండా, పరంజా మీది మనిషి దగ్గర మళ్ళీ మొదలుపెట్టారు. వెనక ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు. ముందు వరసలో ఎవరి చేతులు వాళ్ళ ఒళ్ళోనే ఉన్నాయి.