తొమ్మిదో డిస్కు మీద అభిమానుల మాట

గ్లెనిస్ స్టోయెస్కి రోజూ పొద్దున్నే స్కూలు క్యాంటీన్ తలుపు తీయబోయే ముందు, కారులో కూర్చుని తన మొగుణ్ణి జనం ఏమంటున్నారో చదువుకునేది. అద్దాలు ఎత్తేసి, కళ్ళజోడు పెట్టుకుని, ఫోను తెరిచేది. రేపట్నుంచీ చూడకూడదనుకునేది. అయినా చదవకుండా ఉండలేకపోయేది.

ఆమె మొగుడు బ్రాంకో ఒకప్పుడు ఫిఫ్త్ ఫర్నెస్ బ్యాండులో డ్రమ్స్ వాయించేవాడు. పోర్ట్ కెంబ్లా ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి, మసి చేతులు కడుక్కుని, నేరుగా పబ్బుకెళ్ళి వాయించిన నలుగురు కుర్రాళ్ళ బ్యాండు అది. తర్వాత్తర్వాత దేశమంతా వాళ్ళ పాటలు పాడుకుంది. గ్లెనిస్ అతన్ని చేసుకున్నప్పుడు అత్తగారు, మన మాసిడోనియా పిల్లే దొరకలేదా అని ముక్కు చీదిందిగానీ, ఆ చలికాలం దాటకముందే కోడల్ని పక్కన నిలబెట్టుకుని, జున్ను కూరిన వాళ్ళ రొట్టె బురెక్ చుట్టడం నేర్పింది. కూతురు పుట్టేదాకా గ్లెనిస్ బ్యాండు వెంటే ఊళ్ళు తిరిగింది. వాళ్ళ చొక్కాలు ఉతికింది, వ్యాను తోలింది, స్టేజి పక్కన తువ్వాలు పట్టుకు నిలబడింది. ఆ రోజుల్లోనూ ఆమెకు దిగులే. వ్యాను టైరు పేలుతుందేమో, దీపాల స్తంభం కూలుతుందేమో, జనం తోసుకొస్తారేమోనని. ఆమె భయపడినవి ఒక్కటీ జరగలేదు. జరిగింది ఆమె ఊహకే రాలేదు.

బ్యాండు ఆగిపోయి చాలా కాలమైంది. ఈమధ్యే రికార్డు కంపెనీవాళ్ళు పాత కచేరీల వీడియోలన్నీ శుభ్రం చేసి, తొమ్మిది డిస్కులుగా ఒక పెట్టెలో పెట్టి అమ్మకానికి తెచ్చారు. మొదటిదాంట్లో పొగ కమ్మిన పబ్బు, మధ్యలో పెద్ద పెద్ద మైదానాలు, తొమ్మిదోదాంట్లో వొలంగాంగ్ సముద్రపొడ్డున జరిగిన ఆఖరి కచేరి. ఇంటర్నెట్‌లో అభిమానుల పేజీ ఒకటుంది. అక్కడ రెండో డిస్కు గొప్పదా, ఐదోది గొప్పదా అని సిగపట్లు పట్టేవాళ్ళు. పాటగాడి ముఖమే చూపిస్తూ గిటారు వాయించేవాడి వేళ్ళు చూపించలేదని ఒకరు, శబ్దాన్ని మరీ తోమేసి పాత మట్టివాసన పోగొట్టారని ఒకరు. తొమ్మిదో డిస్కు దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరి గొంతూ ఒకటే.

"ఎనిమిదింటినీ నెత్తిన పెట్టుకుంటా. తొమ్మిదోది చెత్తబుట్టకి" అని రాశాడు డాప్టో లాన్స్ అనే ఆయన. "స్టోయ్ పూటుగా తాగొచ్చి వాయించాడు. పాటలన్నీ కాళ్ళీడ్చుకుంటూ నడిచాయి. డబ్బు పెట్టి కొన్నవాళ్ళ ముందు అలా కూర్చోడానికి సిగ్గుండాలి."

స్టోయ్ అంటే బ్రాంకోనే. ఆ మాట కింద చాలామంది తలాడించారు. రాబిన్ అనే ఒకావిడ మాత్రం, "నాకు తొమ్మిదోదే ఇష్టం. మెల్లగా వాయించడం వల్ల పాటలో మాటలు మొదటిసారి వినపడ్డాయి" అని రాసింది. ఆవిణ్ణి అందరూ ఆటపట్టించారు.

ఆ రాత్రి బ్రాంకో చుక్క కూడా ముట్టుకోలేదు. ఎడమచేతి వేళ్ళు అప్పటికే మాట వినడం మానేశాయి. కర్ర జారిపోతుందన్న భయంతో గట్టిగా పట్టుకునేసరికి దెబ్బ ఆలస్యంగా పడేది. తర్వాత చాన్నాళ్ళకు డాక్టరు దాన్ని పార్కిన్సన్ అన్నాడు. ఆసుపత్రి బయట కారు ఎక్కకముందే బ్రాంకో పెళ్ళాం చేత మాట తీసుకున్నాడు. "అమ్మాయికి చెప్పు. ఇంకెవరికీ వద్దు. వీధిలో జనం నన్ను చూసి తల పక్కకి వంచి పలకరించడం నేను చూడలేను." అప్పట్నుంచీ అడిగినవాళ్ళకల్లా గ్లెనిస్ నడుంనొప్పి అని చెప్పుకొచ్చింది.

నిజం చెప్పడానికి లేదు, ఊరుకోడానికి మనసొప్పదు. ఒకరోజు క్యాంటీన్ ముందు కారులో కూర్చుని, ఆలోచించకుండా ఒక దొంగపేరు పెట్టేసింది. కియామా కీత్. కియామా ఊళ్ళో ఉంటున్నట్టు, రైల్వేలో చేసి రిటైరైనట్టు కూడా రాసింది. తర్వాత ఇలా టైపు చేసింది. "ఆ రాత్రి నేను ముందు వరుసలో ఉన్నాను. స్టోయ్ తాగింది మంచినీళ్ళు."

క్యాంటీన్‌లో ఆ పూట రెండు ట్రేల శాండ్‌విచ్‌లకు వెన్న రాయడం మర్చిపోయింది. మధ్యాహ్నం చూస్తే లాన్స్ జవాబు ఉంది. "ముందు వరుసలోంచి గ్లాసులో ఏముందో వాసన చూశావా, తాతా?"

అక్కణ్ణుంచి ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడైంది. కీత్‌కి ముక్కు బాగా పనిచేస్తుందని రాసింది. కీత్ అన్ని కచేరీలకూ వెళ్ళాడంది. నమ్మరేమోనని, వీడియోలో ఎవరూ పట్టించుకోని సంగతులు కొన్ని చెప్పింది. న్యూకాజిల్ కచేరి మధ్యలో స్టోయ్ కుడిబూటు అడుగు ఊడిపోతే, వెనకగదికి తీసుకెళ్ళి నల్లటేపు చుట్టి మళ్ళీ కూర్చోబెట్టారని చెప్పింది. ఆ టేపు చుట్టింది ఆమే. అభిమానులు ఆ డిస్కు మళ్ళీ పెట్టి చూసి, బూటు నల్లగా మెరుస్తోందని ఉబ్బితబ్బిబ్బయ్యారు. కీత్ పేరు మారుమోగిపోయింది. ఈ కీత్ ఎవరో, ఇంతకాలం ఎక్కడున్నాడో అని అడగని రోజు లేదు. తెలిసినవాళ్ళెవరైనా కియామాలో వాకబు చేస్తారేమోనని గ్లెనిస్‌కు నిద్ర సరిగా పట్టేది కాదు. కీత్‌ని చంపేద్దామా అనుకునేది. లాన్స్ మళ్ళీ ఏదో అనేవాడు. కీత్ మళ్ళీ లేచేవాడు.

ఒక సాయంత్రం భోజనాల దగ్గర బ్రాంకో చెంచా పక్కన పెట్టి అన్నాడు. "ఆ పేజీలో కీత్ అని ఒకాయనున్నాడు, చూశావా?"

గ్లెనిస్ బంగాళదుంపని ఇంకో ముక్క కోసింది. "ఏ పేజీ?"

"నా అభిమానుల పేజీ. వేళ్ళు ఆడించడానికి టైపు చేస్తూ ఉండమంది కదా ఆ ఫిజియో పిల్ల. లైబ్రరీలో కూర్చుని చదువుతున్నా."

"అన్నీ చదివావా?"

"మొదట్నుంచీ. ఆ లాన్స్ నన్ను ఉతికి ఆరేశాడు." అతని ముఖంలో కోపం కనపడలేదు. "కీత్ మాత్రం భలేవాడు. నాకోసం అందరితో కలబడుతున్నాడు."

"పనిలేనివాళ్ళు. వాటిని పట్టించుకోకు."

"కంపెనీవాళ్ళ ద్వారా లాన్స్ నాకు రాశాడు. శనివారం డాప్టో బౌలింగ్ క్లబ్బులో అందరూ కలిసి తొమ్మిదో డిస్కు చూస్తారట. నన్నూ రమ్మన్నాడు. వస్తానన్నా."

"బ్రాంకో, నీకేమైనా మతిపోయిందా? వాళ్ళు నిన్ను నోటికొచ్చినట్టు తిట్టినవాళ్ళు."

"కీత్‌ని ఒక్కసారి చూడాలని ఉంది" అన్నాడు బ్రాంకో. చెంచా మళ్ళీ తీసుకున్నాడు. అది కంచం అంచుకు తగిలి టకటకలాడింది.

ఆ వారమంతా ఆమె పడని పాట్లు లేవు. చలి ఎక్కువంది, కారు బ్రేకులు బాలేవంది, కూతురు వస్తానందని చెప్పింది. కూతురే ఫోను చేసి రావట్లేదని చెప్పేసరికి ఆ దారీ మూసుకుపోయింది. కీత్ చేత, శనివారం ఒంట్లో బాగుండేలా లేదు, రాలేనేమో అని రాయించింది. "నువ్వొస్తేనే స్టోయ్ మొహం వెలుగుతుంది తాతా, అంబులెన్సులోనైనా రా" అని రాశాడు లాన్స్.

శనివారం మధ్యాహ్నం క్లబ్బు వెనకగదిలో ఇరవైమందిదాకా ఉన్నారు. పాత టీషర్టులు పొట్టల మీద బిగుసుకుని ఉన్నాయి. బల్లల మీద స్నిట్జెల్ మాంసం వేపుడు, చిప్స్, బీరు. గ్లెనిస్ భర్త ఎడమవైపే నడిచింది, ఆ చెయ్యి ఎవరికీ కనపడకుండా. బ్రాంకో ఆ చేతిని జేబులో దూర్చుకున్నాడు.

లాన్స్ అనేవాడు ఎలుగుబంటిలా ఉంటాడనుకుంది. తీరా చూస్తే బక్కపలచగా, చెవిటిమిషన్ పెట్టుకుని ఉన్నాడు. రెండు చేతులతో బ్రాంకో కుడిచెయ్యి పట్టుకుని వదల్లేదు. "అన్నా, నేనే లాన్స్‌ని. రాసినవన్నీ చదివే ఉంటావు. వచ్చావు చూడు, అదీ మనిషంటే." తర్వాత గది అంతా చూశాడు. "కీత్ రాలేదే? ఆ ముసలాయన ఎలా ఉంటాడో ఎవరికైనా తెలుసా?"

గ్లెనిస్ నిమ్మరసం గ్లాసు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఇప్పుడెవరో ఒకరు తన వైపు చూస్తారు, ముఖం చూసి పసిగడతారు అనుకుంది.

"కీత్ నాకు పొద్దున ఫోను చేశాడు" అన్నాడు బ్రాంకో తాపీగా. "మోకాళ్ళు పట్టేశాయట. మీ అందరికీ చెప్పమన్నాడు."

"నీకు తెలుసా ఆయన?"

"చాలాకాలంగా. సిగ్గరి. మంచోడు, కానీ ప్రతిదానికీ హైరానా పడతాడు."

గ్లెనిస్ కుర్చీ వెతుక్కుని కూర్చుంది. బ్రాంకో ఆమె వైపు చూడలేదు.

డిస్కు పెట్టారు. ఆమె తెర చూడలేదు, గదిలోని ముఖాలు చూసింది. రెండో పాటలో కెమెరా బ్రాంకో ఎడమచేతి మీదికి వచ్చి అక్కడే ఆగిపోయినప్పుడు, తొమ్మిదోదే ఇష్టమని రాసిన రాబిన్ ముందుకు వంగింది. బస్సు తోలే మనిషి, భుజాలు వెడల్పు. ఆవిడ తెర మీది చేతిని చూసి, తర్వాత జేబులో ఉన్న చేతిని చూసింది. మూడో పాట సగంలో లాన్స్ బొమ్మ ఆపేశాడు.

"అన్నా, వెనకాల రాయడం తప్పే. ముఖం మీదే అడుగుతా. ఆ రోజు తాగావా?"

గ్లెనిస్ లేచి నిలబడింది. "ఇంటికెళ్దాం, బ్రాంకో. నీ నడుం—"

"నడుం బానే ఉంది గ్లెన్." అతను జేబులోంచి చెయ్యి బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. అది బల్లని తడుతూ ఉండిపోయింది. బీరు గ్లాసుల్లో నురగ కదిలింది. "తాగలేదు. పార్కిన్సన్. అప్పుడే మొదలైంది, నాకు తెలీదు."

లాన్స్ చెవిటిమిషన్ సర్దుకుని అన్నాడు. "రాసిందంతా ఇప్పుడే తీసేస్తా. ఒక్క అక్షరం ఉంచను."

"పాటలు మెల్లగా నడిచాయా, లేదా?" అని అడిగాడు బ్రాంకో.

"అన్నా, ఇప్పుడు అదెందుకు…"

"నడిచాయా లేదా?"

లాన్స్ నేలకేసి చూశాడు. "నడిచాయి. మూడో పాటైతే మరీను. జబ్బుందని తెలిస్తే మాత్రం పాట వేగం పెరగదుగా."

గ్లెనిస్‌కు ఒళ్ళు మండింది. నోరు తెరవబోయింది. ఈలోగా బ్రాంకో నవ్వాడు. ఊరికే పెదాలు సాగదీయడం కాదు, కుర్చీ కదిలేలా నవ్వాడు. ఇంట్లో ఆ నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో ఆమెకు గుర్తు రాలేదు.

"మరైతే తాగాడన్నది తీసెయ్. మెల్లగా ఉందన్నది ఉంచు. అది నిజమేగా."

"ఉంచడానికి వీల్లేదు" అంది రాబిన్. "మెల్లగా ఉంటేనే బాగుంది. ఇదే అన్నిటికంటే మంచి డిస్కు."

"అమ్మా, నువ్వు బస్సు కూడా అలాగే తోలుతావు కాబట్టి నీకు నచ్చింది" అన్నాడు లాన్స్.

"మంచి డిస్కు నాలుగోది" అన్నాడు బ్రాంకో. "ఇందులో మూడో పాట వింటే నాకే పరుగెత్తుకెళ్ళి వెనకనుంచి తొయ్యాలనిపిస్తుంది."

గొడవ మొదలైంది. ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు, మిగతావాళ్ళూ దూరారు. బ్రాంకో ఎడమచెయ్యి బల్ల మీదే ఆడుతోంది. కొత్తలో ఒకరిద్దరు దాన్నే చూశారుగానీ, వాదన నాలుగో డిస్కు నుంచి ఆరోదానికి పోయేసరికి మర్చిపోయారు. గ్లెనిస్ మర్చిపోలేదు. ఒక గ్లాసు ఆ చేతికి దగ్గరగా ఉందని చూసి, పక్కకి జరిపింది.

తిరుగుదారిలో ఆమె చాలాసేపు స్టీరింగ్ గట్టిగా పట్టుకుని తోలింది.

"ఎప్పుడు తెలిసింది?"

"బూటు సంగతి రాశావుగా. అప్పుడు గదిలో ఉన్నది మనిద్దరమే."

"అప్పుడే చెప్పొచ్చుగా. నేను ఇన్నాళ్ళూ చచ్చి బతికాను."

"చెబితే ఆపేసేదానివి" అన్నాడు బ్రాంకో. "కీత్ రాసేది చదవడం నాకు బాగుండేది. నువ్వు ఇంట్లో నాతో ఎప్పుడూ మందులు, మెట్లు, జాగ్రత్త అంటూనే ఉంటావు. నా వాయింపు గురించి మాట్లాడేవాడు కీత్ ఒక్కడే."

ముందు బొగ్గు లారీ ఒకటి మెల్లగా పోతోంది. అలాంటివాటిని దాటే ధైర్యం ఆమెకు ఎప్పుడూ లేదు.

కీత్ తర్వాత ఇంకేమీ రాయలేదు. కొన్నాళ్ళు చూసి అభిమానులు ఆయన పోయాడని తేల్చుకున్నారు. అరవైమంది సంతాపం తెలిపారు. "అంత మంచి ముక్కున్న తాత మళ్ళీ పుట్టడు" అని లాన్స్ రాసింది చదివి గ్లెనిస్ కారులో కూర్చుని నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలీదు. వీధిలోవాళ్ళకు సంగతి పాకింది. కొందరు బ్రాంకో అన్నట్టే తల పక్కకి వంచి పలకరించారు. అతను చిరాకు పడ్డాడు, భరించాడు.

తర్వాతి చలికాలానికి బ్రాంకో రెండో చేతికి కూడా వణుకు మొదలైంది. లాన్స్ ప్రతి గురువారం వచ్చి అతన్ని క్లబ్బుకు తీసుకెళ్ళేవాడు. "సాయంత్రం భద్రంగా తెచ్చి అప్పజెబుతా వదినా" అనేవాడు. మొదట్లో ఆమె లాన్స్‌కి మందుల వేళలు చెప్పి, క్లబ్బు మెట్లు ఎక్కడ జారతాయో చెప్పి, కారు మలుపు తిరిగాక కూడా గుమ్మంలోనే నిలబడి, ఫోను చేతిలో పట్టుకునే ఇల్లంతా తిరిగేది. ఫోను మోగితే మొదటి గంటకే ఎత్తేది. ఒక గురువారం అలాగే సోఫాలో ఒరిగి, తెలీకుండా నిద్రపోయింది. లేచేసరికి వంటింట్లో ఇద్దరి గొంతులూ వినపడుతున్నాయి. రెండో డిస్కులో బాస్ గిటారు తగ్గించారా లేదా అని కొట్లాడుకుంటున్నారు. ఆమె లేవలేదు. కళ్ళు మూసుకుని కాసేపు వింది.