పదిహేను వందల దగ్గర

మొన్న న్యూ టౌన్‌లో మేనకోడలి ఇంటికి వెళ్తే, కొత్త స్పీకర్లకు గిటారు కలిపి, ఏ శబ్దం పెద్ద స్పీకరుకు పోవాలో, ఏది చిన్నదానికి పోవాలో ఫోను మీద వేలితో గీత జరుపుతూ, "మావయ్యా, క్రాసోవర్ పదిహేను వందలు పెడితే ఠీక్ హోబే?" అని సగం బెంగాలీలో, బాగుంటుందా అన్నట్టు అడిగింది. ముప్పై ఏళ్ల కిందట వాళ్ల నాన్న పట్టుబట్టిన అంకె కూడా అదే. నా ముక్కు దానంతట అదే కాలిన వాసన కోసం వెతికింది.

గార్డెన్ రీచ్‌లో మా తెలుగు చర్చికి రెండు స్పీకరు పెట్టెలు నేనే చేశాను. చిన్న స్పీకరు సన్నని శబ్దాలకే పనికొస్తుంది. లావు శబ్దం ఎక్కువగా వెళితే లోపల వెంట్రుకంత సన్నని తీగ మాడిపోతుంది. అందుకే మూడు వేల హెర్ట్జ్ దగ్గర హద్దు పెట్టి, లావు శబ్దాన్ని అడ్డుకునే కండెన్సరు దానికి తగ్గది అతికించాను. కండెన్సరు ఎంత పెద్దదైతే హద్దు అంత కిందికి దిగుతుంది. పాట ఎత్తుకునేది మా అమ్మ. ఆవిడ గొంతు రెండు ముక్కలు కాకుండా పెద్ద స్పీకరులోంచే నిండుగా రావాలన్నది నా పట్టుదల. సంఘపెద్ద అయిన పెదనాన్న మాత్రం, ఇవి మొరాయిస్తే ఇక చర్చిలో కరెంటు తీగ ముట్టుకోవద్దని అందరి ముందూ అన్నాడు. ఆ మాట నేను ఈనాటికీ మర్చిపోలేదు.

గిటారు వాయించే మా బావకు, అదే ఈ పిల్ల నాన్నకు, నా హద్దు నచ్చలేదు. పదిహేను వందలకు దించితే తీగ మోత బయటికి వస్తుందని పోరేవాడు. "ఏటోయ్ బామ్మర్దీ, గిటారు పలకాలా, నీ డబ్బా బతకాలా?" అని నలుగురినీ నవ్వించేవాడు. నేను దించలేదు. క్రిస్మస్ ఉదయం ఆరాధన మొదలవబోతుండగా పెట్టెల వెనక చూస్తే నా కండెన్సర్లు లేవు. వాటి చోట పెద్దవి ఉన్నాయి, కొత్త సోల్డరింగు మెరుస్తోంది.

"నేనే మార్సినాను. ఏటీ అవదు, కూకో," అన్నాడు బావ.

కూర్చున్నాను. రెండు పాటల సేపు, ఆయన తీగ మీటినప్పుడల్లా కాలిన వాసన వస్తోందేమోనని గాలి పీల్చి చూశాను. మూడో పాటలో చిన్న స్పీకరు గరగరమంది, లేదా నాకలా అనిపించింది. లేచి వెళ్లి, రెండు పెట్టెల్లోనూ చిన్న స్పీకర్ల తీగలు ఊడబీకేశాను. దుప్పటి కప్పినట్టు మోత మూసుకుపోయింది. మాటల్ని విడదీసే సన్నని శబ్దాలు పోయేసరికి, అమ్మ పాడే మాటలు వెనక వరసల్లో ఎవరికీ తెలియలేదు.

"నీ సేతిల ఏదీ నిలవదురా," అన్నాడు పెదనాన్న. తను చేసిన మార్పు గురించి బావ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. కాలిందా అని అడిగితే చూపించడానికి నా దగ్గర భయం తప్ప ఏమీ లేదు. మళ్లీ నన్నెవరూ ఆ పెట్టెల దగ్గరికి పిలవలేదు. కండెన్సర్లు మార్చింది తనేనని బావ అందరి ముందూ ఒప్పుకోకుండానే చనిపోయాడు.

"ఇది కాలదు మావయ్యా, ఎక్కువైతే తనే తగ్గించేసుకుంటుంది," అంటూ, నేను వాసన చూడడం గమనించిన మేనకోడలు పదిహేను వందల దగ్గరే తీగ మీటింది. గిటారు నిజంగానే పలికింది. ఇంత బాగా పలికేదా అనుకుంటూ కాసేపు విన్నాను. ఇప్పుడు ఎవరూ వాసన పీలుస్తూ కూర్చోనక్కర్లేదు. ఏ గొంతు ఎక్కడ తెగుతుందో ఆలోచించనూ అక్కర్లేదు.

అయినా మూడు వేలు పెట్టమన్నాను. మారు మాట లేకుండా పెట్టేసింది. వాళ్ల నాన్నయితే పోట్లాడేవాడు.