చక్కెర దిమ్మ ఎక్కిన డెలిమా అత్త

మా డెలిమా అత్త మోన్మొరాన్సీ జలపాతానికి కూతవేటు దూరంలో పుట్టి, అక్కడే పెరిగి, నలభై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా ఒక్కసారైనా దాని దగ్గరికి పోయి నిలబడలేదంటే క్యూబెక్ పట్నం వాళ్ళు నమ్మేవారు కాదు. కంటికి కనపడక కాదు. ఆవిడ పనిచేసే నూలు మిల్లు జలపాతం పాదాల దగ్గరే ఉండేది. రెండో అంతస్తులో, ఉత్తరపు కిటికీ పక్కన ఆవిడ మగ్గాలు. ముప్ఫై నాలుగేళ్ళు ఆ కిటికీలోంచి దాన్ని ఓరకంట చూస్తూ బట్ట నేసింది, అంతే. "నీళ్ళు పడుతున్నాయి. పడనీ. నన్నేం చెయ్యమంటారు, దోసిలి పట్టమంటారా?" అనేది.

ఆవిడ మా నాన్నకి అక్క. వాళ్ళమ్మ పోయాక, పదిహేనో ఏట మిల్లులో చేరి నలుగురు తమ్ముళ్ళని పెంచింది. ఆఖరి తమ్ముడి పెళ్ళి అయ్యేసరికి ఆవిడ పెళ్ళి సంగతి ఎత్తేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఎవరైనా పొరపాటున ఎత్తినా, "నాకున్న మొగుళ్ళు చాలు. ఆరు మగ్గాలు. ఆరూ ఒక్కసారే అరుస్తాయి" అనేసేది.

ఆ అరుపులవల్లే మిల్లు ఆడవాళ్ళకి రెండు అలవాట్లు అబ్బేవి. ఒకటి, బయట కూడా గొంతు చించుకుని మాట్లాడటం. మా అత్త చర్చిలో పక్కావిడ చెవిలో రహస్యం చెబితే ఫాదరుగారు ప్రసంగం ఆపి వినేవారు. రెండోది, పెదాలు చదవడం. మగ్గాల హోరులో మాట వినపడదు కాబట్టి, ఇరవై అడుగుల అవతలున్న మనిషి పెదాలు కదిపితే చాలు, ఎవరింట్లో ఏ కూర మాడిందో తెలిసిపోయేది. నేను ఆ మిల్లులో చేరిన ఏడాదికల్లా నాకూ వచ్చేసింది. అత్తయితే మీసాల చాటున దాగిన మాటని కూడా లాగేసేది.

చలికాలం వస్తే మాత్రం ఆవిడకి ఆ కిటికీ మీద మమకారం పుట్టేది. క్రిస్మస్ దాటగానే జలపాతం తుంపర గాల్లోనే గడ్డకట్టి, పడే నీళ్ళకి ఎదురుగా దిబ్బలా పేరుకుంటుంది. మొదట గడ్డివామంత ఉంటుంది. ఫిబ్రవరికల్లా చర్చి గోపురంతో పోటీ పడుతుంది. దాన్ని మేం చక్కెర దిమ్మ అంటాం. పట్నం జనం రైలెక్కి వచ్చి దాని నెత్తికెక్కి, జారుడుబండ్ల మీద కిందికి జారి, కేరింతలు కొట్టి పోయేవారు. అత్త రోజూ సాయంత్రం బూట్లు విప్పుకుంటూ దాని కబురు చెప్పేది, పక్కింటి కోడలికి ఎన్నో నెలో చెప్పినట్టు. "ఇవాళ కిటికీలో మూడో అద్దం దాటిందిరా." "ఎడం పక్కకి ఒళ్ళు చేసింది, గాలి మళ్ళినట్టుంది."

"ఓసారి పోయి చూడరాదూ అక్కా?" అనేవాడు నాన్న.

"ఆదివారం కాళ్ళు చాపుకోడానికే టైము లేదు, ఇంక కొండలెక్కాలా?"

ఎన్నడూ లేనంత చలి పడింది 1927లో. జనవరి నెలాఖరుకే దిమ్మ అత్త కిటికీలోని ఆఖరి అద్దం దాటేసింది. దాని కొస చూడాలంటే ఆవిడ మెడ వంచి పైకి చూడాల్సి వచ్చేది. అలా చూస్తూ రెండుసార్లు పోగు తెంపుకుంది కూడా.

ఫిబ్రవరిలో ఒక గురువారం, పొద్దున పదింటికి, మగ్గాలన్నీ ఒక్కొక్కటే మూలిగి ఆగిపోయాయి. జలపాతం పైనుంచి మిల్లుకి నీళ్ళు తెచ్చే గొట్టాల నోళ్ళలో గుజ్జు మంచు బిగుసుకుపోయింది. నీళ్ళు లేకపోతే చక్రం తిరగదు, చక్రం తిరగకపోతే మేము లేము. మేస్త్రీ వచ్చి, రేపటిదాకా పని లేదు, ఇళ్ళకి పొమ్మన్నాడు.

రెండు వందల మంది ఆడవాళ్ళం ఆ నిశ్శబ్దంలో ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. తర్వాత ఎవరో కిసుక్కుమన్నారు. ఇంక చూడాలి. శాలువలు, టోపీలు, తోసుకోవడాలు, మెట్లమీద బూట్ల చప్పుడు. మామూలు రోజున, పట్టపగలు, ఎండలోకి! ఆ ఎండని అదివరకు మేం చూసింది ఆదివారాలే. మంచు మీద అది కళ్ళలో సూదుల్లా గుచ్చుతుంటే అందరం తాగినవాళ్ళలా తూలాం.

అత్త గేటు దగ్గర ఆగిపోయింది. కుడివైపు ఇల్లు. ఎడమవైపు ఆ తెల్లటి కొండ.

"ఒసే ఇమెల్డా."

"ఏంటత్తా?"

"పదవే, పోదాం."

"ఇంటికేగా?"

"ఇల్లు ఎక్కడికి పోతుందే? దాని మీదికి."

జలపాతం కింది మడుగంతా అడుగుల మందాన గడ్డకట్టింది. దాని మీద నడిచాం. దగ్గరికి పోయేకొద్దీ కిటికీలోంచి చూసిన జలపాతం వేరు, ఇది వేరు అని తెలిసొచ్చింది. కొండ అంచులనుంచి మనిషి నడుమంత లావు మంచు ఊడలు దిగాయి, కొన్ని పచ్చగా, కొన్ని టీ రంగులో. గట్టు మీది చెట్లకి కొమ్మా రెమ్మా కనపడకుండా తెల్లటి తొడుగులు. నడిమధ్యన మాత్రం నీళ్ళు ఆగకుండా, పొగ చిమ్ముకుంటూ, దిమ్మ వెనకాల ఎక్కడికో దిగబడిపోతున్నాయి. హోరు ఎంతంటే పక్కన ఫిరంగి పేలినా వినపడదు. పట్నం నుంచి వచ్చిన దొరసానులిద్దరు ఒకరి చెవిలో ఒకరు నోరు పెట్టి అరుచుకుంటున్నారు. మేం మాత్రం మిల్లులో ఉన్నట్టే తీరిగ్గా పెదాలతో కబుర్లాడుకుంటూ నడిచాం.

"నా బుగ్గలు ఉన్నాయా, రాలిపోయాయా?" అంది అత్త పెదాలతో.

"ఉన్నాయి. దుంపల్లా ఎర్రగా ఉన్నాయి."

దిమ్మ పక్కన గొడ్డలితో మెట్లు కొట్టి ఉన్నాయి. ఆ మెట్లు కొట్టింది ఒవిలా పాకే అనే ఆయన. ఎదురుగా సెయింట్ లారెన్స్ నదిలో దీవి ఉంది కదా, అక్కడ ఆయనకి స్ట్రాబెర్రీ తోట. చలికాలం తోటకి పని ఉండదు కాబట్టి నది మీది మంచుబాటలో గుర్రబ్బండి తోలుకొచ్చి, జనాన్ని దిమ్మ మీదినుంచి జారించేవాడు. యాభై నాలుగేళ్ళవాడు. పెళ్ళాం పోయి చాలా కాలమైంది. తనలో తాను మాట్లాడుకోవడం ఆయన అలవాటు. ఆ హోరులో ఎవరికి వినపడుతుందిలే అని ధీమా.

పైకెక్కేసరికి అత్తకి ఎగశ్వాస. మీద పడిన తుంపర పడినట్టే గడ్డకట్టి, కనుబొమలు కూడా తెల్లబడ్డాయి. ఒవిలా ఆవిడని పైనుంచి కిందికి చూశాడు. మర్యాదగా టోపీ ఎత్తి, జారుడుబండి ముందుభాగంలో కూర్చోమని చెయ్యి చూపించాడు. చూపిస్తూ తనలో తాను అనుకున్నాడు, నిమ్మళంగా, పెదాలు చక్కగా కదుపుతూ:

"అమ్మ మరియమ్మా! ఈవిడ కూర్చుంటే బండి నది దాటి మా తోటలో ఆగుతుంది."

నేను బిగుసుకుపోయాను. అత్త కనురెప్ప కూడా కదపలేదు. వెళ్ళి దర్జాగా కూర్చుంది. నేను ఆవిడ వెనక కూర్చున్నాను. ఒవిలా ముందుకొచ్చి, ఆవిడ బూట్లచుట్టూ దుప్పటి దోపుతూ, తలెత్తి ఓసారి మొహంలోకి చూశాడు. చూసి, మళ్ళీ అనుకున్నాడు:

"కానీ ఆ బుగ్గలు చూడు. ఆపిల్ పళ్ళు. ఇన్నాళ్ళూ ఏ కొట్లో దాచారో ఈ మనిషిని."

అత్త మెడ వెనకభాగం ఎర్రబడటం నేను కళ్ళారా చూశాను. తర్వాత ఏమీ చూడలేదు, ఎందుకంటే ఆయన బండిని ఒక్క తోపు తోసి వెనకెక్కేశాడు.

కడుపు పైనే ఉండిపోయింది, మేం కిందికి వెళ్ళిపోయాం. ఆకాశం కాళ్ళ కిందికి, మంచు నెత్తిమీదికి. మంచుపొడి నోట్లో, ముక్కులో, మెడలో. నేను కేకేశాను, నాకే వినపడలేదు. దిమ్మ అడుగున బండి ఓసారి ఎగిరి, మడుగు మీద పడి, ఇంకా పోతోంది, పోతూనే ఉంది, జనం ఆగే చోటు దాటేసింది. అక్కడొక ఫొటోలాయన పట్నం కుటుంబాన్ని వరసగా నిలబెట్టి, నల్లగుడ్డలో తల దూర్చి ఉన్నాడు. ఆ కుటుంబం ఒక్కసారిగా చెల్లాచెదురైంది. మధ్యలోంచి మేం దూసుకుపోయాం. ఆయన గుడ్డలోంచి తల తీసేసరికి ఎదురుగా ఎవరూ లేరు. బండి గిర్రున తిరిగి, మెత్తటి మంచుకుప్పలో కూరుకుని ఆగింది. అత్త ఎడమ బూటు ఎక్కడో పడిపోయింది.

ఆవిడ కూర్చున్నచోటే కూర్చుని నవ్వుతోంది. నేను అత్త నవ్వు చూడటమే గానీ వినడం అదే మొదలు. మిల్లులో నవ్వుకి చప్పుడుండదు, ఇంట్లో ఆవిడకి నవ్వే తీరికుండదు. అడవిబాతు అరుపులా ఉంది.

అక్కడ హోరు కాస్త తక్కువ. అత్త ఒవిలా వైపు తిరిగి, తన మామూలు గొంతుతో, అంటే మడుగంతా వినపడేలా, అడిగింది: "ఏమయ్యా, మీ తోటలో ఆగుతుందన్నావు, ఇక్కడే ఆగిందేం?"

ఒవిలా మీసాలమీది మంచు ఒక్క క్షణంలో కరిగిపోయిందనుకున్నాను.

"నేనా... నేనేమన్నానమ్మా?"

"బుగ్గల సంగతి కూడా విన్నాలే. మగ్గం దగ్గర ముప్ఫై నాలుగేళ్ళు నించున్నదాన్ని. నా ముందు పెదాలు కదిపితే అరిచినట్టే."

మా వెనకే వచ్చిన మిల్లు ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఒవిలా పారిపోదామని చూశాడు గానీ, బూటు వెతికి తెచ్చిపెట్టాల్సింది ఆయనే.

"తొడిగెయ్" అంది అత్త కాలు చాపి. తొడిగించుకుని లేచి, స్కర్టు దులుపుకుని, దిమ్మ వైపు నడుస్తూ, "మళ్ళీ!" అంది.

ఆ రోజు తొమ్మిదిసార్లు ఎక్కింది. నేను నాలుగోసారికే చేతులెత్తేశాను. మధ్యాహ్నం గాలి మళ్ళి, తుంపరంతా మెట్ల మీద పడి అద్దంలా పేరుకుంటే, ఒవిలా ముందు నడుస్తూ ఒక్కో మెట్టూ గొడ్డలితో గీరి ఇచ్చాడు. పొద్దున తెల్లగా ఉన్న దిమ్మ పొద్దువాలేసరికి గులాబీరంగు తేలి, ఆ తర్వాత నీలమైంది. ప్రతిసారీ కింద ఆగగానే అత్త అదే మాట: "మళ్ళీ!"

తర్వాత ప్రతి ఆదివారం, పూజ కాగానే, ప్రార్థనపుస్తకం నా చేతిలో పడేసి వెళ్ళిపోయేది. ఒవిలాకి పెదాలతో మాట్లాడటం నేర్పుతున్నానని నాన్నకి చెప్పింది. "అంత పనేముందక్కా, చెవుల్లేవా ఆయనకి?" అని నాన్న అంటే, "నువ్వు బఠానీల సూపు తాగు" అంది. ఒవిలా మాత్రం మహా మొద్దు శిష్యుడు. మాట సగం నోట్లోనే నమిలేసేవాడు.

మార్చిలో ఎండ ముదిరింది. దిమ్మకి పుచ్చు పట్టినట్టు చిల్లులు పడ్డాయి. తెలుపు పోయి బూడిదరంగు తిరిగింది, లోపల్నుంచి బొటబొటా చుక్కలు. ఆ ఆదివారం జనాన్ని ఎక్కనివ్వలేదు. ఒవిలా ఒక్కడే గొడ్డలితో తడుముకుంటూ సగం దాకా ఎక్కి, ఆగి, కింద నిలబడ్డ అత్త వైపు తిరిగాడు. టోపీ తీశాడు. ఏదో ఒక్క మాట, ఎంతో కష్టపడి, పెదాలతో అడిగాడు.

అత్త మొహం వెలిగిపోయింది. రెండు చేతులూ ఎత్తి ఊపుతూ, "మళ్ళీ! మళ్ళీ!" అని పెదాలతోనే జవాబిచ్చింది.

ఒవిలా టోపీ గాల్లోకి విసిరాడు. అది జలపాతంలో పడి కొట్టుకుపోయింది. తను దబదబా దిగొచ్చి, అత్త రెండు చేతులూ పట్టుకుని ఊపి, కళ్ళు తుడుచుకుని, బండి తోలుకుని వెళ్ళిపోయాడు.

"టోపీ పోతే ఇంత సంబరమేంటే ఈయనకి?" అంది అత్త.

మూడోనాడు ఆయన నల్లకోటు వేసుకుని, స్ట్రాబెర్రీ జాము సీసా పట్టుకుని, మా ఇంటికొచ్చి నాన్న ఎదుట కూర్చున్నాడు. ఫాదరుగారితో మాట్లాడానని, ఈస్టరు తర్వాత అయితే బాగుంటుందన్నారని చెప్పాడు.

"ఎవరి పెళ్ళి?" అంది అత్త వంటింట్లోంచి.

ఒవిలా తెల్లబోయి వంటింటి వైపు తిరిగాడు.

"నిన్న... మొన్న ఆదివారం నేను అడిగితే మీరు రెండుసార్లు ఔనన్నారు కదండీ? పెళ్ళి, పెళ్ళి అని?"

అత్త గరిటె పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. పెదాలతో రెండు మాటలూ మెల్లగా అని చూసుకుంది. పెళ్ళి. మళ్ళీ. చూసేవాళ్ళకి రెండూ ఒకేలా ఉంటాయి, పెదాలు రెంటికీ ఒకలాగే కలుస్తాయి. ఆవిడ మొహం చూసి ఒవిలాకీ అర్థమైంది. జాము సీసా బల్లమీద పెట్టి, "తప్పు నాదే, సరిగ్గా నేర్చుకోలేదు" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి అత్త అన్నం ముట్టలేదు. "యాభై ఏళ్ళకి ఈ వేషాలేంటి?" అని రెండు రోజులు తనని తానే తిట్టుకుంది, పెదాలతో. శుక్రవారం మధ్యాహ్నం మగ్గాల హోరులో కూడా కాళ్ళ కింద నేల అదిరింది. కిటికీ వైపు చూస్తే దిమ్మ పైభాగం లేదు. విరిగి మడుగులో పడింది, వెనకనుంచి జలపాతం నిలువునా బయటపడింది. అత్త నన్ను చూసి పెదాలతో అంది: "మళ్ళీ క్రిస్మస్ దాకా ఆగాలా? నావల్ల కాదే."

ఆదివారం పూజ మానేసి నన్ను దీవి వైపు లాక్కుపోయింది. నది మీది మంచుబాట ఆ వారమో పై వారమో మూసేస్తారు. దారి గుర్తుగా పాతిన దేవదారు కొమ్మలు ఒరిగిపోయి ఉన్నాయి, మంచు మీద చీలమండల్లోతు నీళ్ళు. తపతపా నడిచాం. సగం దారిలో అటునుంచి ఒక మనిషి, కొత్త టోపీతో.

"ఎక్కడికయ్యా?" అని అరిచింది అత్త.

"గుర్రానికి... లాడం వేయించడానికి."

"గుర్రమేదీ?"

ఆయన వెనక్కి తిరిగి చూశాడు, నిజంగానే గుర్రం లేదు. "మీరెక్కడికి?" అన్నాడు.

"నీ దగ్గరికే. ఇటు చూడు, సరిగ్గా చూడు. పెదాలు కాదు, నోరు తెరిచి చెబుతున్నా. పెళ్ళి."

ఆ మాట ఇటు గట్టుకీ అటు దీవికీ కూడా వినపడి ఉంటుంది.

మే నెలలో పెళ్ళయింది. ఫాదరుగారు నెమ్మదిగా అడిగిన ప్రశ్నకి అత్త ఇచ్చిన జవాబు విని గుర్రాలు బెదిరాయని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. మిల్లు మానేసి దీవికి కాపురానికి పోయింది. స్ట్రాబెర్రీలు కోసింది, జాము వండింది, ఆయన్ని చెడామడా తిట్టింది, చలికాలం ఆయనతో పాటు మెట్లు కొట్టింది. ఆయన పోయాక కూడా పద్దెనిమిదేళ్ళు బతికింది.

ఒక జూలైలో నేను దీవికి వెళ్ళినప్పుడు, తోట దగ్గరికి పట్నం ఆవిడ ఒకామె వచ్చింది. జలపాతం చూసొస్తున్నానని, ఎంత బాగుందో చెప్పడానికి మాటలు రావడంలేదని తెగ మెచ్చుకుంది.

అత్త పళ్ళబుట్ట అందిస్తూ జాలిగా చూసింది. "వేసవిలోనా? అదేముందమ్మా, వట్టి నీళ్ళు."